గుట్ట లేని నేల, వేగం లేని దారి: కృష్ణా దిగువ డెల్టాలో క్రాస్ కంట్రీ కోర్సులపై ఒక పరిశీలన

ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య నిబంధనల్లో క్రాస్ కంట్రీకి సంబంధించి ఒక చిన్న అంకె ఉంది. అంతర్జాతీయ పోటీకి వేసే కోర్సులో పెద్ద ల్యాప్ 1,500 నుంచి 2,000 మీటర్ల లోపు ఉండాలి. ఆ ల్యాప్‌లో ఎక్కే ఎత్తు అంతా కలిపి కనీసం 10 మీటర్లు రావాలి. ఈ అంకె పట్టుకుని కృష్ణా జిల్లా దిగువకు వస్తే చిక్కు వెంటనే తెలుస్తుంది. గుడివాడ సముద్ర మట్టానికి దాదాపు 10 మీటర్ల ఎత్తున ఉంటే, బందరు (మచిలీపట్నం) 3 మీటర్ల దగ్గర ఉంది. రెండు ఊళ్ల మధ్య దూరం 35 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం పోయినా నేల దిగేది ఏడు మీటర్లు. అలాంటి చోట రెండు కిలోమీటర్లలో పది మీటర్లు ఎక్కించాలంటే నేల తనంతట తాను ఇవ్వదు.

దీన్నిబట్టి పరుగు పోటీల దగ్గర తరచూ ఒక తీర్పు వినిపిస్తుంది. మనది బల్లపరుపు నేల కాబట్టి మన కోర్సులన్నీ ఫాస్ట్ కోర్సులే, ఇక్కడ వచ్చిన టైమింగు చూసి మురిసిపోకూడదు, కొండవాలు ఉన్న జిల్లాకు పోతే అసలు సంగతి బయటపడుతుంది అని. ఈ తీర్పులో కొంత నిజం ఉంది. కానీ అది ఎత్తుపల్లాలకు ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ బరువిస్తోంది, అరికాలి కింది నేలకు ఇవ్వాల్సినంత ఇవ్వడం లేదు. ప్రచురితమైన ప్రయోగ ఫలితాలను మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ నేలలకు అన్వయించి లెక్క వేస్తే, ఇక్కడ కోర్సు వేగాన్ని ముందుగా తేల్చేవి తడి, ఇసుక, పోటీ మొదలైన వేళ, కొలత. వాలు వంతు ఆ తర్వాతే.

లెక్క అన్నాను కాబట్టి హద్దు కూడా ముందే చెప్పాలి. కింద వచ్చే శాతాలు ప్రయోగశాలల్లో, ట్రాక్‌ల మీద కొలిచిన విలువలను నేను ఈ నేలకు అన్వయించగా వచ్చినవి. బందరు పిల్లల కాళ్ల మీద కొలిచినవి కావు. వాటిని వరుస చెప్పే కొలబద్దగా తీసుకోవచ్చు గాని, సెకన్లు చెప్పే గడియారంగా తీసుకోకూడదు.

ఫాస్ట్ కోర్సు అంటే ఏది?

ట్రాక్ పరుగుల్లా క్రాస్ కంట్రీకి ప్రపంచ రికార్డులు లేవు. ఏ రెండు కోర్సులూ ఒక్కటి కావు గనుక ఉంచలేదు. అయినా కోర్సులను పోల్చకుండా ఎవరూ ఉండలేరు. ఈ పోలిక బాగా ముదిరిన చోటు అమెరికా హైస్కూలు పోటీలు. అక్కడ ఇలినాయ్ రాష్ట్రం పియోరియాలోని డెట్‌వైలర్ పార్కు చదునైనది, కత్తిరించిన పచ్చిక మీద మూడు మైళ్ల పరుగు. న్యూయార్క్ వాన్ కోర్ట్‌లాండ్ పార్కులోనూ, కాలిఫోర్నియాలోని మౌంట్ శాక్ కోర్సులోనూ గుట్టలెక్కాలి. మొదటిది ఫాస్ట్, మిగతావి స్లో అని అక్కడి పిల్లలకు కూడా తెలుసు.

అయితే డెట్‌వైలర్ చరిత్రలోనే ఒక హెచ్చరిక ఉంది. 1972లో క్రెయిగ్ వర్జిన్ అనే హైస్కూలు కుర్రాడు అక్కడ 13 నిమిషాల 50.6 సెకన్లలో పరుగు ముగించాడు. ఆ రికార్డు 2019 దాకా, అంటే 47 ఏళ్లు నిలిచింది. కోర్సు ఫాస్ట్ కావడం వల్ల ఆ టైమింగు వచ్చిందందామంటే, ఆ తర్వాత అదే కోర్సు మీద పరుగెత్తిన వేలమందికి ఎందుకు రాలేదు? ఆ కుర్రాడే 1980లోనూ 1981లోనూ ప్రపంచ క్రాస్ కంట్రీ చాంపియన్ అయ్యాడు. గెలిచినవాడి టైమింగు చూసి కోర్సును అంచనా వేస్తే, కోర్సు గుణమూ మనిషి గుణమూ కలిసిపోయి దేని వాటా ఎంతో విడదీయలేం.

విడదీయాలంటే ఒకే మనిషి రెండు కోర్సుల మీద పరుగెత్తాలి. అలాంటి జంట ప్రపంచ స్థాయిలో ఇటీవలే దొరికింది. 2023 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో, 2024 మార్చిలో బెల్‌గ్రేడ్‌లో ప్రపంచ పోటీలు జరిగాయి. రెండు చోట్లా సీనియర్ల దూరం 10 కిలోమీటర్లు. రెండు చోట్లా పురుషుల్లో ఉగాండాకు చెందిన జేకబ్ కిప్లిమో, మహిళల్లో కెన్యాకు చెందిన బియాట్రిస్ చెబెట్ గెలిచారు. బాథర్స్ట్ కోర్సు నిలువు వాలున్నది. బెల్‌గ్రేడ్‌ది చాలావరకు చదునైన పార్కు, మధ్యలో పోసిన దిబ్బలూ గడ్డిమోపుల అడ్డంకులూ. కిప్లిమోకు బాథర్స్ట్‌లో 29:17, బెల్‌గ్రేడ్‌లో 28:09 పట్టాయి. తేడా 68 సెకన్లు, అంటే 4 శాతం. చెబెట్‌కు వరుసగా 33:48, 31:05. తేడా 163 సెకన్లు, దాదాపు 9 శాతం.

అవే రెండు కోర్సులు, అవే రెండు రోజులు. మరి బాథర్స్ట్ ఎంత స్లో? 4 శాతమా, 9 శాతమా? ఆ రోజు మహిళల రేసు మండే ఎండలో జరిగింది. పురుషుల రేసు వేళకు ఉరుములతో గాలివాన దిగింది. ఎండ ఒక్కటే ఈ తేడాకు కారణమని రుజువు చేయలేం. రేసులో ఎవరు ముందు లాగారు, ఎవరు కాచుకుని ఉన్నారు అన్నదాన్ని బట్టి కూడా టైమింగు మారుతుంది. కానీ ఒక్కమాట మాత్రం గట్టిగా చెప్పవచ్చు. కోర్సుకు ఒకే గుణకం కట్టి, ఏ టైమింగునైనా దానితో హెచ్చవేసి ఇంకో కోర్సుకు మార్చుకుందామంటే కుదరదు. పొద్దుటి కోర్సు వేరు, మధ్యాహ్నపు కోర్సు వేరు.

వాలు ఖరీదు

ఇటలీ శాస్త్రజ్ఞుడు మినెట్టి బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో తరచూ వాడేది. ట్రెడ్‌మిల్‌ను రకరకాల వాలుల్లో పెట్టి, కిలో బరువుకు మీటరు దూరానికి పరుగు ఎంత శక్తి తీసుకుంటుందో వాళ్లు కొలిచారు. వాళ్ల సమీకరణం ప్రకారం చదును మీద 3.6 జౌళ్లు. పదిశాతం ఎక్కుడులో దాదాపు 6 జౌళ్లు, పదిశాతం దిగుడులో 2.15. ఎక్కేటప్పుడు పోయినదంతా దిగేటప్పుడు తిరిగి రాదు. రెండింటి సగటు 4.06 అవుతుంది, అంటే చదునుకంటే 13 శాతం ఎక్కువ.

ఇక నిబంధన అడిగే పది మీటర్ల ఎక్కుడును రెండు కిలోమీటర్ల ల్యాప్‌లో పెట్టి చూద్దాం. పదిశాతం వాలైతే వంద మీటర్లు ఎక్కుడు, వంద మీటర్లు దిగుడు, మిగతా 1,800 మీటర్లు చదును. అదనంగా పడే శక్తి మొత్తం ల్యాప్‌లో 1.3 శాతం. వాలును అయిదు శాతానికి తగ్గించి సాగదీస్తే అదనం 0.6 శాతానికి పడిపోతుంది. అదనపు శక్తి అంతా టైమింగులో కనిపించదు కూడా. హూగ్‌క్యామర్ బృందం 2016లో చేసిన ప్రయోగంలో శక్తి ఖర్చు 1.1 శాతం పెరిగితే 3,000 మీటర్ల టైమింగు 0.78 శాతం పెరిగింది. ఆ నిష్పత్తినే ఇక్కడ వాడితే పది మీటర్ల ఎక్కుడు ఖరీదు సుమారు 0.9 శాతం. ఆరు కిలోమీటర్లు 22 నిమిషాల్లో పరుగెత్తే అబ్బాయికి 12 సెకన్లు.

ఈ అంచనా తక్కువే కావచ్చు. ట్రెడ్‌మిల్ మీద పరుగు నిలకడైనది. రేసులో పిల్లలు గట్టు కనిపించగానే ఊపిరి బిగబట్టి ఎగబాకి, పైకి వచ్చాక కాళ్లు పట్టేసి వందగజాలు ఈడుస్తారు. ఆ నష్టం సమీకరణంలో లేదు. దాన్ని లెక్కలోకి తెచ్చి రెట్టింపు చేసినా రెండు శాతం లోపే. ఈ రెండు శాతాన్ని పక్కన పెట్టుకుని మిగతావి చూద్దాం.

నేల ఖరీదు

లెజ్యూన్ బృందం 1998లో పొడి ఇసుక మీద పరుగును కొలిచింది. గట్టినేల మీదకంటే 1.6 రెట్లు శక్తి కావలసి వచ్చింది. ల్యాప్‌లో 200 మీటర్లు అలాంటి ఇసుక ఉంటే అదనం 6 శాతం. వాలు లెక్కలో వచ్చిన 1.3 శాతానికి సమానం కావాలంటే 43 మీటర్ల ఇసుక చాలు. పది మీటర్ల గుట్ట ఎంతో నలభై మూడు మీటర్ల ఇసుక అంత. ఈ ఒక్క పోలికే ఫాస్ట్ కోర్సు తీర్పును సగం కదిలిస్తుంది. ఎందుకంటే దివిసీమలో గుట్టలు లేకపోవచ్చు గాని ఇసుకకు కొదవ లేదు.

ఇక రేగడి. హూగ్‌క్యామర్ ప్రయోగంలో శక్తి ఖర్చును పెంచింది బూటులో చెప్పకుండా దాచిన సీసపు పూసలు. ఒక్కో బూటుకు 100 గ్రాములు, తర్వాత 300 గ్రాములు కలిపారు. బరువు పెరిగేకొద్దీ టైమింగు వరుసగా, వంద గ్రాములకు 0.78 శాతం చొప్పున దిగజారింది. మన దగ్గర పూసలు దాచే పని లేదు. వానపడిన మర్నాడు నల్లరేగడి డొంకలో నాలుగడుగులు వేస్తే అరికాలి కింద మట్టి పలకలా అంటుకుంటుంది. రాలిన గడ్డిపోచలు అందులో ఇరుక్కుని అట్ట కడతాయి. విదిలిస్తే ఊడదు, పుల్ల పెట్టి గీకాలి. బూటుకు 200 గ్రాముల మట్టి పట్టిందనుకుంటే టైమింగు 1.5 శాతానికి పైగా పడుతుంది, అది జారుడును కలపకుండా. స్కూలు కిట్టులో వచ్చిన నల్లబూట్లతో పరుగెత్తే పిల్లకు అడుగున పట్టు కూడా ఉండదు. వట్టి కాళ్లతో పరుగెత్తేవాళ్లకు మట్టి అంతగా అంటుకోదు, కాని గ్రావెల్ రోడ్డు వచ్చేసరికి అడుగు ఆచితూచి వేయాల్సి వస్తుంది. అంటే ఒకే కోర్సు బూట్లున్నవాళ్లకు ఒకచోట, లేనివాళ్లకు ఇంకోచోట స్లో అవుతుంది.

ఆరిన రేగడి వేరే కథ. ఫిబ్రవరి, మార్చి నాటికి గట్టిపడి సిమెంటులా మోగుతుంది, అప్పుడు నిజంగానే ఫాస్ట్. కానీ వేళ్లు దూరే నెర్రెలు విచ్చుకుంటాయి కాబట్టి చూపు కాళ్ల దగ్గరే పెట్టి పరుగెత్తాలి. చీలమండ మడత పడే ప్రమాదం ఉన్న కోర్సు ఎంత ఫాస్ట్ అయినా పిల్లలకు పెట్టదగినది కాదు.

మూడు చోట్ల నేల

2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగాక మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ మూడూ కొత్త కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. జిల్లా జట్టు ఎంపికలో ఈ మూడు చోట్ల పిల్లలు ఒకరితో ఒకరు పోటీపడతారు. అందుకే వీటి మధ్య పోలిక ఊరికే కాలక్షేపం లెక్క కాదు.

గుడివాడ చుట్టూ మాగాణి. కాలవ గట్లు, పొలం గట్లు, నందివాడ, ముదినేపల్లి వైపు పోతే చేపల చెరువు గట్లు. కోతలయ్యాక పొలాలు ఖాళీగా ఉంటాయి కదా, వాటి మీదుగా కోర్సు వేయవచ్చు కదా అని బయటివాళ్లకు తోస్తుంది. ఇక్కడ వరి కోయకముందే తడి మీద మినుము, పెసర చల్లుతారు. కోతయ్యేసరికి దుబ్బుల మధ్య మొలకలు లేచి ఉంటాయి. ఆ చేలో ఒక్క పిల్లాడు కాలుపెట్టినా రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. కాబట్టి కోర్సు గట్ల మీదికో, కాలేజీ గ్రౌండుల్లోకో, డొంకల్లోకో పోవాల్సిందే.

గట్టు మీద అసలు సమస్య వెడల్పు. రెండడుగుల పొలం గట్టు మీద ఒకరి వెనక ఒకరు పోవాలే తప్ప దాటిపోవడం ఉండదు. వందమంది మొదలుపెట్టిన రేసులో ముందున్న పదిమంది తమ వేగంతో తాము పోతారు. వెనక తొంభైమంది తమ ముందున్నవాడి వేగంతో పోతారు. ఆ కోర్సులో గెలిచినవాడి టైమింగు బాగానే ఉంటుంది, నడిమి పిల్లవాడి టైమింగు పాడవుతుంది. ఫాస్టా స్లోనా అని అడిగితే జవాబు ఎవరిని అడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. చెరువు గట్లు వెడల్పే గాని, మేత బండ్లు తిరిగి గాళ్లు పడి ఉంటాయి. చినుకు పడితే సబ్బుముక్కే.

బందరు సంగతి వేరు. సముద్రం పక్కనున్నా ఇసుక దారి అనుకోకూడదు. మంగినపూడి బీచ్ తెల్లటి ఇసుక తీరం కాదు, నల్లటి ఒండ్రుమట్టి కలిసిన నేల. నీటి అంచున తడిసి బిగిసిన చోట కాలు దిగబడదు, అక్కడ పరుగు సాఫీగా సాగుతుంది. అంచు నుంచి పైకి వచ్చేకొద్దీ నేల వదులవుతుంది. ఆటుపోట్లను బట్టి ఆ గట్టి పట్టీ జరుగుతూ ఉంటుంది కాబట్టి, ఉదయం ఆరుగంటలకు జెండాలు పాతిన దారి తొమ్మిదింటికి అదే దారి కాదు. ఊరికీ తీరానికీ మధ్య చవుడు నేలలున్నాయి. చూడటానికి వాటికన్నా చదునైన మైదానం లేదు. పైన తెల్లగా ఉప్పు పొర, అడుగు పడగానే అది పెళుసుగా విరిగి కింద మెత్తటి బురద తగులుతుంది. మొదటి ల్యాప్‌లో ముందున్నవాళ్లు పొర మీద పరుగెత్తుతారు, రెండో ల్యాప్‌లో అందరూ బురదలోనే. సరుగుడు తోటల్లో నీడ ఉంది, రాలిన ఆకు పరుపు ఉంది, అయితే కింద ఇసుకే.

బందరుకు గాలి కూడా తోడవుతుంది. డేవిస్ 1980లో చూపిందాని ప్రకారం ఎదురుగాలి తీసుకున్నదాంట్లో దాదాపు సగమే వెనకగాలి తిరిగి ఇస్తుంది. అంటే పోనూరానూ ఉన్న ల్యాప్‌లో గాలి ఎప్పుడూ నష్టమే. పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. తీరం వెంట వేసిన కోర్సు తెల్లవారి పరుగుకు ఒకటి, పదిగంటల పరుగుకు ఇంకొకటి.

ఇక దివిసీమ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై సముద్రం దాకా చుట్టి వచ్చిన దీవి ఇది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు ఇందులోవి. 1977 నవంబరు 19 ఉప్పెన పేరు చెబితే ఇప్పటికీ ఇక్కడి పెద్దవాళ్ల గొంతు మారుతుంది. ఈ సీమలో కంటికి ఆనే ఎత్తులు దాదాపు అన్నీ మనుషులు నీటికి భయపడి కట్టుకున్నవే. కరకట్టలు, తుఫాను షెల్టర్లు, కాలవ గట్లు. నిబంధన అడిగే పది మీటర్లు దొరికేది కూడా ఇక్కడే. కరకట్ట ఎత్తు చోటును బట్టి మారుతుంది. లెక్క కోసం నేల నుంచి అయిదు మీటర్లు అనుకుందాం. ట్రాక్టర్లు ఎక్కే ర్యాంపుల్లో రెండింటిని ఎంచుకుని ల్యాప్‌లో రెండుసార్లు ఎక్కిస్తే పది మీటర్లు సరిపోతాయి. కట్ట పైన తారు వేసిన చోట మాత్రం పనికిరాదు. తారురోడ్లు వీలైనంత తగ్గించాలని నిబంధనే చెబుతోంది, పైగా బండ్లు తిరుగుతుంటాయి. కట్టకు లోపలివైపు లంక భూములకు దిగితే ఇసుక కలిసిన ఒండ్రు. నదికి దగ్గరయ్యేకొద్దీ ఇసుక పాలు ఎక్కువ.

అంటే కరకట్ట కోర్సు స్లో అని తేలితే, జనం కట్టను చూపిస్తారు. లెక్క మాత్రం లంకలోని ఇసుకను చూపిస్తోంది.

నెల, వేళ, ముఖ్య అతిథి

స్కూలు ఆటల పోటీలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు జరుగుతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు వచ్చేది కూడా అప్పుడే. డెల్టా కోర్సులు ఏడాదిలో అతి స్లోగా ఉండే నెలల్లోనే డెల్టా పిల్లలు వాటిని పరుగెత్తుతున్నారు. బల్లపరుపు కాబట్టి ఫాస్ట్ అన్న తీర్పు మార్చి నెలకు చెల్లుతుందేమో, నవంబరుకు చెల్లదు.

వేళ ప్రభావం ఇంకా సూక్ష్మమైనది. ఎలీ బృందం 2007లో మారథాన్ ఫలితాలను పరిశీలించి, వేడి పెరిగేకొద్దీ అందరూ నెమ్మదిస్తారని, వెనకబడి వచ్చేవాళ్లు ముందున్నవాళ్లకంటే ఎక్కువగా నెమ్మదిస్తారని చూపింది. మారథాన్ పెద్దల పరుగు, ఇది పిల్లల ఆరు కిలోమీటర్లు. అంకెలు అరువు తెచ్చుకోకూడదు, కాని దిశను నమ్మవచ్చు. ఏడింటికి మొదలవ్వాల్సిన రేసు జ్యోతి ప్రజ్వలన కోసం, ఉపన్యాసాల కోసం తొమ్మిదిన్నరకు మొదలైతే, బందరు ఉక్కలో ఆ రెండున్నర గంటలు కోర్సుకు ఒక గుట్టను జోడించినట్టే. ఆ గుట్టను ముఖ్య అతిథి ఎక్కడు, చివర వచ్చే పిల్లలు ఎక్కుతారు.

కొలతలో పోయేది

పోలికలన్నిటినీ నిశ్శబ్దంగా పాడుచేసేది దూరం. భారత అథ్లెటిక్స్ సమాఖ్య జాతీయ క్రాస్ కంట్రీలో అండర్-20 బాలురకు 8, బాలికలకు 6 కిలోమీటర్లు, అండర్-18 బాలురకు 6, బాలికలకు 4, అండర్-16 వారికి 2 కిలోమీటర్లు పెడుతోంది. ఆరు కిలోమీటర్ల కోర్సు వంద మీటర్లు తక్కువ పడితే 1.7 శాతం. పది మీటర్ల ఎక్కుడు ఖరీదుకు దాదాపు రెట్టింపు. బైకు మీటరుతోనో, కొబ్బరి తోటల కింద ఫోను జీపీఎస్‌తోనో కొలిచినప్పుడు వంద మీటర్లు అటూఇటూ కావడం వింత కాదు. చక్రం పెట్టి, పరుగెత్తేవాడు పోగలిగిన అతి దగ్గరి గీత వెంట రెండుసార్లు కొలిచి, రెండు కొలతలూ దగ్గరగా వస్తేనే రాసుకోవాలి. మలుపుల్లో మీటరు బయటగా కొలిచినా చుట్టు పూర్తయ్యేసరికి ఆరు మీటర్లకు పైగా తేడా వస్తుంది.

పోలిక ఎలా చేస్తే నిలుస్తుంది

మండల స్థాయి రేసులో సగటు టైమింగు, జిల్లా రేసులో సగటు టైమింగు పక్కపక్కన పెట్టి జిల్లా కోర్సు ఫాస్ట్ అనడం మామూలుగా జరిగే పొరపాటు. మండలంలో వెనకబడ్డవాళ్లు జిల్లాకు రారు. జల్లెడ పట్టాక మిగిలినవాళ్ల సగటు బాగుంటుంది, కోర్సు స్లో అయినా సరే. రెండు చోట్లా పరుగెత్తిన పిల్లలనే తీసుకోవాలి, ఒక్కొక్కరి రెండు టైమింగుల నిష్పత్తి కట్టాలి, ఆ నిష్పత్తుల్లో నడిమి విలువ చూడాలి. అప్పుడు కూడా వచ్చే జవాబు జల్లెడ దాటిన పిల్లలకే వర్తిస్తుంది.

ఎంతమంది కావాలన్నదానికి చిన్న లెక్క ఉంది. ఒకే పిల్లాడి టైమింగు ఒకే కోర్సు మీద రోజుకు రోజుకు మూడు శాతం అటూఇటూ ఊగుతుందనుకుందాం. గెలిచిన ఒక్కడి రెండు టైమింగులతో పోలిస్తే అనిశ్చితి ఎనిమిది శాతానికి పైనే. 22 నిమిషాల రేసులో అది 110 సెకన్లు. అంత మసకలో ఏ కోర్సు గుణమైనా మునిగిపోతుంది. అదే 30 మంది పిల్లలైతే అనిశ్చితి ఒకటిన్నర శాతానికి, 20 సెకన్లకు దిగుతుంది. ఇసుక ప్రభావాన్ని అప్పుడు పట్టుకోవచ్చు. పది మీటర్ల ఎక్కుడును అప్పుడు కూడా కచ్చితంగా పట్టుకోలేం.

ముప్పైమంది ఉన్నా ఒక లోపం మిగులుతుంది. అందరూ శనివారం గుడివాడలో, ఆ పై శనివారం అవనిగడ్డలో పరుగెత్తితే, కోర్సు తేడా ఏదో వాతావరణం తేడా ఏదో తెలియదు. ఎదిగే వయసు పిల్లలు కాబట్టి వారాల్లోనే మెరుగవుతారు కూడా. సగంమంది ముందు అక్కడ, సగంమంది ముందు ఇక్కడ పరుగెత్తి తర్వాత చోట్లు మార్చుకుంటే ఈ రెండూ చాలావరకు కొట్టుకుపోతాయి.

ఒకే పిల్లలు రెండు చోట్లకూ రాలేని పరిస్థితిలో మనకు చేతికందే కొలబద్ద ఒకటుంది. 1,600 మీటర్ల పరుగు. ఆంధ్రప్రదేశ్ పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలో పురుషులు దాన్ని 8 నిమిషాల్లో పూర్తిచేయాలి. ఆ ఉద్యోగం కోసం కరకట్టల మీదా, రోడ్ల పక్కనా తెల్లవారకముందే పరుగెత్తే కుర్రాళ్లు ఈ మూడు చోట్లా కనిపిస్తారు. ఎక్కడి స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుడికైనా ఆ దూరం, ఆ టైమింగు నోటికి వచ్చు. సున్నం గీతలు గీసిన చదును గ్రౌండులో ప్రతి పిల్లవాడి 1,600 మీటర్ల టైమింగు తీసి ఉంచుకుంటే, కోర్సు టైమింగును దానితో భాగించి, వేరువేరు పిల్లలు పరుగెత్తిన కోర్సులను కూడా ఉజ్జాయింపుగా పోల్చవచ్చు. గ్రౌండు నిజంగా కొలిచినదై ఉండాలన్నది ఇక్కడ కూడా షరతే.

ఫలితాల కాగితం మీద పేరు, స్కూలు, స్థానం, టైమింగు రాస్తారు. దాని కింద కొన్ని వివరాలు అదనంగా ఉంటే చాలు: ల్యాప్ పొడవు, దేనితో కొలిచారు, గడ్డి, రేగడి, ఇసుక, గ్రావెల్ ఏది ఎన్ని మీటర్లు, ముందు రోజు వాన పడిందా, రేసు నిజంగా ఎన్నింటికి మొదలైంది, అప్పటి ఉష్ణోగ్రత. మూడేళ్లపాటు ఇలా రాస్తే ఈ వ్యాసంలోని అరువు అంకెలతో పనుండదు.

ముందుగా చేయదగిన పరీక్ష ఏదంటే, జనవరిలో నేల ఆరాక రెండు ల్యాప్‌లు. ఒకటి దివిసీమలో కరకట్టను రెండుసార్లు ఎక్కి దిగేది, లంకలోకి దిగకుండా, ఇసుక తగలకుండా. రెండోది గుడివాడలో చదునైన గడ్డి గ్రౌండులో, అదే పొడవుది. అదే ముప్పైమంది, చోట్లు మార్చుకుంటూ, పొద్దున్నే ఒకే వేళకు. నేను వేసిన లెక్క సరైనదైతే కరకట్ట ల్యాప్ ఒకటి రెండు శాతానికి మించి స్లో కాకూడదు. నాలుగు శాతం స్లో అని తేలితే, వాలుకు నేను కట్టిన ఖరీదు తప్పని, బల్లపరుపు నేల మీద పెరిగిన కాళ్లకు ఎక్కుడు ట్రెడ్‌మిల్ చెప్పినదానికంటే బరువని ఒప్పుకోవాల్సి ఉంటుంది.